ఇంగ్లండు చర్చీల్లో మన సర్వేపల్లి వారు

సెప్టెంబరు 5 వస్తే మన మాహూర్ పిల్లలు కూడా బడిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఫొటోకు పూలదండ వేస్తారు. 1962 నుంచి ఆ రోజు దేశమంతా ఉపాధ్యాయ దినోత్సవం. ఆయన గొప్ప పంతులుగారు, తత్వవేత్త, రాష్ట్రపతి అని మరాఠీలో చెప్పే నాలుగు మాటలు పిల్లలకు నోటికి వచ్చు. ఆయన మన తెలుగువారే అని ఇంట్లో పెద్దవాళ్ళు ఒక మాట కలుపుతారు. అక్కడితో ఆ సంవత్సరానికి ముచ్చట అయిపోతుంది.

ఆయన జీవితంలో మన ఇళ్ళలో అంతగా చెప్పుకోని భాగం ఒకటి ఉంది. ఆచారం గల బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, చివరిదాకా హిందువుగానే ఉన్న ఆ మనిషి, ఇంగ్లండు వెళ్ళి క్రైస్తవుల చర్చీలో పాస్టరు గారు నిలబడే చోట నిలబడి ప్రసంగం చేశారు. అదీ ఒక్కసారి కాదు, ఒక్క ఊళ్ళో కాదు. ఈ సంగతి ఇప్పుడు ఎందుకు రాస్తున్నామంటే, మన ఇళ్ళ పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ దూర దేశాలు వెళ్తున్నారు. అక్కడ తోటివాళ్ళు ఆదివారం చర్చికి రమ్మంటారు, తర్వాత ఇంటికి భోజనానికి పిలుస్తారు. వెళ్ళవచ్చా, వెళ్తే మన ఆచారం ఏమవుతుంది అని తల్లిదండ్రులు మా సంఘం వాళ్ళను అడుగుతున్నారు. మేము శాస్త్రం చెప్పగలవాళ్ళం కాము. కాని ఈ దారిలో మనకంటే ముందు నడిచిన మనిషి కథ చెప్పగలం.

రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. తండ్రి సర్వేపల్లి వీరాస్వామి గారు, తల్లి సీతమ్మ గారు. ఇంటిపేరే చెబుతుంది, వాళ్ళ పూర్వీకులది నెల్లూరు ప్రాంతంలోని సర్వేపల్లి. అక్కడినుంచి తరలివచ్చి తిరుత్తణిలో స్థిరపడ్డారు. తండ్రిగారిది జమీందారీ కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగం. రాబడి తక్కువ, సంసారం పెద్దది. ఇంట్లో తెలుగు, బయట తమిళం. ఈ రెండు భాషల బతుకు మనకు వేరే వివరించనక్కర్లేదు. మన ఇళ్ళలోనూ వంటింట్లో తెలుగు, వాకిట్లో మరాఠీ.

ఇంకో పోలిక కూడా ఉంది. తిరుత్తణి తాలూకా 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్రలో ఉండి, 1960లో సరిహద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. మన వైపు 1956లో కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లా నుంచి విడిపోయి నాందేడ్ జిల్లాలో కలిసింది. మాహూర్ కూడా అప్పుడు ఆ తాలూకాలోదే. మనుషులు కదలలేదు, ఇళ్ళు కదలలేదు, సర్కారు కాగితాల మీద గీత మాత్రం కదిలింది. తాను పుట్టిన ఊరు ఏ రాష్ట్రంలోది అని లెక్క మారుతూ వచ్చిన మనిషి దేశానికంతటికీ రాష్ట్రపతి అయ్యారు. గీతకు ఇవతల ఉన్నా అవతల ఉన్నా మనిషి విలువ తగ్గదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

ఎనిమిదేళ్ళ వయసులో, 1896లో, ఆయనను తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో వేశారు. అది జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బుర్గ్ మిషన్ వారి బడి. పైన ఏడుకొండలవాడు, కింద మిషనరీ బడి. అక్కడ నాలుగేళ్ళు చదివి, 1900లో వేలూరు వెళ్ళి వూర్హీస్ కాలేజీలో చేరారు. అది అమెరికా మిషనరీలది. 1904లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. అది స్కాట్లండు మిషనరీలది. లెక్క వేస్తే పన్నెండేళ్ళు క్రైస్తవుల దగ్గరే చదువు. మధ్యలో 1903లో, ఆ కాలపు పద్ధతి ప్రకారం, శివకాము గారితో పెళ్ళి జరిగింది.

తత్వశాస్త్రం ఆయన కోరి ఎంచుకున్నది కాదు. బి.ఎ.లో ఏ సబ్జెక్టు తీసుకోవాలా అని తేల్చుకోలేక ఉన్నప్పుడు, అప్పటికే డిగ్రీ పూర్తి చేసిన బంధువు ఒకాయన తన పాత పుస్తకాలు మూడు ఇచ్చారు. ఒకటి మనశ్శాస్త్రం, ఒకటి తర్కం, ఒకటి నీతిశాస్త్రం. పుస్తకాల ఖర్చు తప్పుతుంది కనుక ఆ దారి పట్టారు. అన్నయ్య పుస్తకాలతో తమ్ముడు చదువుకున్న ఇళ్ళు మన దగ్గర ఎన్ని లేవు!

మిషన్ చదువు ఆయనకు రెండు ఇచ్చింది. ఒకటి బైబిలు మీద పట్టు, క్రమశిక్షణ, ఇంగ్లీషు. రెండోది మనసులో గాయం. హిందూ మతంలో నీతికి చోటు లేదనీ, లోకమంతా మాయ అనేవాడికి మంచి చెడ్డలతో పనేమిటనీ అక్కడి గురువులు కొందరు విమర్శించేవారు. వివేకానందుల రచనలు చదివి తన ధర్మం మీద అభిమానం పెంచుకున్న కుర్రవాడికి ఆ మాటలు గుచ్చుకున్నాయి. అలాంటప్పుడు మనలో చాలామంది చేసే పనులు రెండు. కోపం తెచ్చుకుని ఆ వైపు చూడడం మానేస్తాం, లేకపోతే సిగ్గుపడి మనదాన్ని వదిలేస్తాం. ఆయన ఆ రెండూ చేయలేదు. విమర్శ నిజమో కాదో తేల్చుకుందామని మూలగ్రంథాలు తెరిచారు. 1908లో ఎం.ఎ. కోసం వేదాంతంలోని నీతి గురించే సిద్ధాంత వ్యాసం రాశారు. వేదాంతంలో నీతికి గట్టి పునాది ఉందని దాని సారాంశం. ఆ వ్యాసాన్ని చూసి మెచ్చుకున్నది ఎవరనుకున్నారు? క్రైస్తవ మిషనరీ అయిన ప్రొఫెసర్ ఎ.జి.హాగ్ గారే. శిష్యుడు తమ విమర్శకు బదులు రాశాడని గురువు చిన్నబుచ్చుకోలేదు. ఇరువైపులా ఆ పెద్దరికం ఉంది కనుకనే తర్వాతి కథ సాగింది.

ఆ తర్వాత ఉద్యోగాలు వరుసగా వచ్చాయి. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. 1918లో మైసూరు మహారాజా కాలేజీకి వెళ్ళారు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర పీఠం దక్కింది. మైసూరు నుంచి వెళ్ళేటప్పుడు విద్యార్థులు గుర్రాలను విప్పేసి, బండిని తామే లాగి రైల్వే స్టేషనుకు తీసుకెళ్ళిన సంగతి చాలామందికి తెలిసిందే.

1926లో, ముప్ఫై ఏడేళ్ళ వయసులో, మొదటిసారి సముద్రం దాటారు. బ్రిటిష్ సామ్రాజ్యంలోని విశ్వవిద్యాలయాల మహాసభకు కలకత్తా తరఫున ప్రతినిధిగా వెళ్ళారు. అదే ప్రయాణంలో ఆక్స్‌ఫర్డులోని మాంచెస్టర్ కాలేజీ వారు అప్టన్ ఉపన్యాసాలు ఇమ్మని పిలిచారు. అక్కడ ఇచ్చిన నాలుగు ఉపన్యాసాలు మరుసటి ఏడు, 1927లో, ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. అక్కడినుంచి అమెరికా వెళ్ళి షికాగోలో హాస్కెల్ ఉపన్యాసాలు ఇచ్చారు. హార్వర్డులో జరిగిన అంతర్జాతీయ తత్వశాస్త్ర మహాసభలో మాట్లాడారు.

ఆ మాంచెస్టర్ కాలేజీ సంగతి కొంచెం చెప్పాలి. పిలిచినవాళ్ళెవరో తెలిస్తే ఆ పిలుపు విలువ తెలుస్తుంది. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి అంటే ఇంగ్లండు అధికార చర్చి వారి కోటలు. ఆ చర్చి సిద్ధాంతాలకు సంతకం పెట్టనివాళ్ళు క్రైస్తవులే అయినా సరే, అక్కడ చదువూ పదవులూ పూర్తిగా అందేవి కావు. 1871లో చట్టం చేసిన తర్వాతే ఆ అడ్డు పెద్దగా తొలగింది. అలా గుమ్మం బయట నిలబడిపోయిన క్రైస్తవులు తమ పిల్లల కోసం 1786లో మాంచెస్టర్ నగరంలో సొంతంగా ఒక కాలేజీ పెట్టుకున్నారు. అది యార్క్, మళ్ళీ మాంచెస్టర్, లండన్ తిరిగి తిరిగి 1889లో ఆక్స్‌ఫర్డు చేరింది. పేరు మాత్రం పాత ఊరిదే మిగిలింది. మన ఇంటిపేర్ల లాగే అన్నమాట, ఊరు మారినా పేరు మారదు. అక్కడ ఎక్కువమంది యూనిటేరియన్లు, అంటే త్రిత్వాన్ని కాక దేవుడు ఒక్కడే అనే మాటను పట్టుకున్నవాళ్ళు. ఫలానా సిద్ధాంతం ఒప్పుకుంటేనే చదువు చెబుతామనే షరతు ఆ కాలేజీలో లేదు. ఒకప్పుడు తమను గడప బయట నిలబెట్టిన సంగతి గుర్తున్నవాళ్ళు, ఇంకొకడు గడప దగ్గరికి వస్తే తలుపు తీశారు.

అప్పుడు ఆ కాలేజీకి ప్రిన్సిపాలు ఎల్.పి.జాక్స్ గారు. ఆయన మతాచార్యుడే, హిబ్బర్ట్ జర్నల్ అనే పత్రికకు సంపాదకుడు కూడా. రాధాకృష్ణన్ గారి వ్యాసాలు ఆ పత్రికలో వచ్చేవి. ఆ పరిచయమే పిలుపు దాకా వచ్చింది. 1929లో మళ్ళీ పిలిచారు. ఈసారి అతిథి ఉపన్యాసాలకు కాదు, కాలేజీలో మతాల తులనాత్మక అధ్యయనం బోధించడానికి. అంతకుముందు ఎస్ట్లిన్ కార్పెంటర్ అనే పెద్ద పండితుడు చూసిన పని అది. ఆ రోజుల్లోనే మాంచెస్టర్, లండన్ నగరాల్లో హిబ్బర్ట్ ఉపన్యాసాలు ఇచ్చారు. అవి 1932లో ‘యాన్ ఐడియలిస్ట్ వ్యూ ఆఫ్ లైఫ్’ అనే పుస్తకం అయ్యాయి.

కాలేజీలో చదువుతో పాటు ఒక ప్రార్థనాలయం ఉంది. దాని రంగుటద్దాల కిటికీలు బర్న్-జోన్స్ బొమ్మల ప్రకారం విలియం మారిస్ కంపెనీ వాళ్ళు చేసినవి. దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని సృష్టించిన కథ ఆ గాజుల మీద ఉంటుంది. ఆ ప్రార్థనాలయంలో రాధాకృష్ణన్ గారిని ప్రసంగం చేయమన్నారు. బాధను భరించడం ద్వారా వచ్చే విప్లవం గురించి ఆయన చేసిన ప్రసంగం పేరు పొందింది. అక్కడి దినపత్రిక ఒకటి దాన్ని మెచ్చుకుంటూ రాసింది. మాటల అల్లిక ఒక ఎత్తు, వినేవాళ్ళ గుండెను కదిపి పైకెత్తిన గుణం ఇంకో ఎత్తు అన్నట్టు ఆ మెప్పు సాగింది. ఒక్క ఆక్స్‌ఫర్డులోనే కాదు, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, లివర్‌పూల్ నగరాల్లోనూ క్రైస్తవ వేదికల మీద ప్రసంగాలు చేశారు. తన మాటలు క్రైస్తవ సభలకు నచ్చడం తనకు ధైర్యాన్నిచ్చిందని తర్వాత స్వీయకథలో సంతోషంగా తలచుకున్నారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఆ కుర్చీలకూ వేదికలకూ ఆయన మతం మార్చుకుని వెళ్ళలేదు, మతం దాచుకునీ వెళ్ళలేదు. హిందువుగా తెలిసే పిలిచారు, హిందువుగానే వెళ్ళారు. వేషం కూడా మార్చలేదు. పొడుగు కోటు, తెల్లని తలపాగా ఏ దేశంలోనైనా ఆయన గుర్తు. జీవితాంతం శాకాహారి. పిలిచిన ఇంటి భోజనం బల్ల దగ్గర కూర్చున్నారు, కూర్చున్నా తన నియమం తనదే. అతిథి మర్యాద అంటే పెట్టినదల్లా తినడం అనీ, లేకపోతే గడప తొక్కకపోవడం అనీ అనుకునేవాళ్ళకు మూడో దారి ఉందని ఆయన నడిచి చూపించారు.

అలాగని ఆయన అందరికీ నచ్చే మాటలు చెప్పి వచ్చారని అనుకోకూడదు. దేవుణ్ణి చేరే దారి ఒక్కటే, అది మాదే అనే వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఆ సంగతి క్రైస్తవ దేశంలోనే, క్రైస్తవుల సభల్లోనే చెప్పారు. చిన్నప్పుడు మిషన్ బడిలో పడిన గాయానికి ఇరవై ఏళ్ళ తర్వాత ఇచ్చిన జవాబు అది. జవాబులో కారం లేదు. యేసు మీద గౌరవం ఉంది, బైబిలు తెలిసినవాడి చనువు ఉంది. ఆతిథ్యం ఇచ్చిన ఇంట్లో అబద్ధం చెప్పకూడదు, ఆతిథ్యం ఇచ్చిన ఇంటిని కించపరచకూడదు. ఈ రెండింటినీ కలిపి పట్టుకోవడం తేలిక కాదు. ఆయన పట్టుకున్నారు.

1931 నుంచి 1936 దాకా ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు. 1936లో ఆక్స్‌ఫర్డులో తూర్పు దేశాల మతాలకూ నీతికీ కొత్తగా పెట్టిన స్పాల్డింగ్ పీఠానికి మొదటి ఆచార్యుడయ్యారు. ఆక్స్‌ఫర్డులో ఆచార్య పీఠం ఎక్కిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ పీఠానికి డబ్బు పెట్టింది హెచ్.ఎన్.స్పాల్డింగ్ దంపతులు. తూర్పునూ పడమరనూ దగ్గర చేయాలని వాళ్ళ కోరిక. 1952 దాకా ఆ పదవి ఆయనదే. నడుమ 1939 నుంచి 1948 దాకా కాశీలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం బాధ్యత, 1949 నుంచి మాస్కోలో రాయబారి ఉద్యోగం. దేవుడే లేడనే ప్రభుత్వం ఉన్న చోట కూడా ఆ తలపాగా అలాగే ఉంది. 1952లో ఉపరాష్ట్రపతి, 1954లో భారతరత్న, 1962లో రాష్ట్రపతి. ఈ మధ్యలో 1956 నవంబరులో శివకాము గారు కన్నుమూశారు. ఐదుగురు కూతుళ్ళనూ ఒక కొడుకునూ పెంచి, భర్త దేశాలు తిరుగుతుంటే యాభై ఏళ్ళకు పైగా సంసారాన్ని నిలబెట్టిన ఇల్లాలు ఆమె. పెద్దవాళ్ళ జీవితాల్లో ఇలాంటి పేర్లు ఒక్క వాక్యంలో అయిపోతాయి. అలా కాకూడదని మా అభిప్రాయం.

అతిథి గృహస్థు అయిన రోజు కూడా ఒకటి వచ్చింది. 1964 డిసెంబరులో పోప్ ఆరవ పాల్ గారు కాథలిక్కుల మహాసభకు బొంబాయి వచ్చారు. మన దేశంలో అడుగు పెట్టిన మొదటి పోప్ ఆయనే. అప్పుడు రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారు. ఒకప్పుడు క్రైస్తవులు తమ వేదికనిచ్చి గౌరవించిన హిందువు, ఇప్పుడు క్రైస్తవుల పెద్దకు దేశం తరఫున ఆతిథ్యం ఇచ్చే స్థానంలో ఉన్నారు. అదీ మన మహారాష్ట్ర గడ్డ మీద.

1967లో పదవి దిగి మద్రాసులో సొంత ఇంటికి చేరారు. చివరి రోజుల్లో, 1975లో, మంచం మీద ఉండగా టెంపుల్‌టన్ బహుమతి ప్రకటించారు. మత చింతనకు సేవ చేసినవారికి ఇచ్చే బహుమతి అది. మొదటిసారి, 1973లో, మదర్ థెరిసాకు ఇచ్చారు. క్రైస్తవులు కానివాళ్ళలో దాన్ని అందుకున్న మొదటి మనిషి రాధాకృష్ణన్ గారు. ఆ సొమ్ము ఆయన ఇంటికి రాలేదు, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. తిన్న ఇంటి రుణం తీర్చుకోవడం అంటే ఇదే. ఆ ఏడు ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతి. మన ఊరు మాహూర్‌లో రేణుకామాత కొండ ఉంది, దత్త శిఖరం ఉంది, అనసూయ శిఖరం ఉంది, సోనాపీర్ దర్గా ఉంది. నవరాత్రులకు పైన్‌గంగ అవతల యవత్మాల్ నుంచీ, ఇటు ఆదిలాబాద్, నిర్మల్ వైపు నుంచీ జనం వస్తారు. అమ్మవారి తాంబూల ప్రసాదం చేతిలో పెట్టేటప్పుడు ఎవరూ భాష అడగరు, ఊరు అడగరు. మన తాత ముత్తాతలు ఈ చుట్టుపక్కల స్థిరపడినప్పుడు మరాఠీ ఇళ్ళవాళ్ళు పూరణ్ పోళీ పెట్టి కలుపుకున్నారు. వాళ్ళ దేవుళ్ళకు మనం మొక్కాం, మన పండుగలకు వాళ్ళు వచ్చారు. దాంతో మన తెలుగు పోలేదు. పోతున్నదంటే దానికి కారణం పక్కింటివాళ్ళు కాదు, మనం ఇంట్లో మాట్లాడకపోవడం.

కాబట్టి పిల్లలు అడిగినప్పుడు మేము చెప్పేది ఇంతే. పిలిచినవాళ్ళ గుడికి వెళ్ళండి, చెప్పులు వదలమన్న చోట వదలండి, లేచి నిలబడమన్నప్పుడు నిలబడండి. వాళ్ళు పెట్టిన దానిలో మీరు తినగలిగింది తిని, తినలేనిది ఎందుకు తినరో నవ్వుతూ చెప్పండి. మీ దేవుడి గురించి అడిగితే తెలిసింది చెప్పండి. తెలియకపోతే ఇంటికి ఫోను చేసి పెద్దవాళ్ళను అడగండి. అసలు కష్టం అక్కడే ఉంది. రాధాకృష్ణన్ గారికి చర్చిలో అడుగు పెడితే భయం వేయకపోవడానికి కారణం, అంతకుముందే ఆయన తన ఇంటి గ్రంథాలు చదివి ఉండడం. మన పిల్లలు చర్చికి వెళ్తే ఏమవుతుందో అని బెంగపడే తల్లిదండ్రులు, వాళ్ళకు రేణుకామాత కథైనా తెలుగులో చెప్పామా అని ఒకసారి చూసుకోవాలి.

వచ్చే సెప్టెంబరు 5న ఫొటోకు దండ వేసి ఊరుకోకుండా, ప్రతి ఇంట్లో ఈ కథ పిల్లలకు తెలుగులో చెప్పాలని మా సంఘం మనవి. మరాఠీలో చదువుకునే పిల్లలైనా పరవాలేదు, చెవికి తెలుగు తగిలితే చాలు. మిగతాది వాళ్ళే నేర్చుకుంటారు.